సజ్జ ఎక్కడ పోతోంది?

(మామయ్య హైదరాబాద్‌లో పాతకాపు సైట్ ఇంజినీరు. మేనకోడలు సివిల్ చదివింది. భవనాల్లో విద్యుత్ పొదుపు, కర్బన ఉద్గారాల తగ్గింపు విధానాలపై పనిచేస్తానంటోంది.)

మామయ్య: గచ్చిబౌలిలో సైట్ ఉద్యోగం చేతికి వచ్చింది. కాదని నివేదికలు రాసుకుంటానంటావేమిటమ్మా?

మేనకోడలు: పడమటి గోడంతా అద్దమే అని ప్లానులో ఒకసారి గీస్తే, ఆ భవనం ఉన్నన్నాళ్లూ ఏసీ నడవాల్సిందే మామయ్యా. ఆ అద్దంలోంచి ఎంత వేడి రానివ్వచ్చో చెప్పేది ఈసీబీసీ, ఇంధన పొదుపు భవన నియమావళి. నాకు ఆ దశలోనే ఉండాలని ఉంది.

మామయ్య: అది 2007లోనే వచ్చిందిగా! మరి ఇన్ని అద్దాల మేడలు ఎలా లేచాయి?

మేనకోడలు: కేంద్రం రాసినంత మాత్రాన అమలు కాదు. రాష్ట్రం నోటిఫై చేయాలి, పురపాలక అనుమతుల్లో కలపాలి. అదీ పెద్ద వాణిజ్య భవనాలకే. అన్నీ జరిగినా, ప్లాను చూసే అధికారికి గోడలోంచి వేడి ఎంత దిగుతుందో లెక్క తెలియకపోతే మిగిలేది సంతకమే. ఆ లెక్క నేర్పేవాళ్లు కావాలి.

మామయ్య: నేను చూసింది చెప్పనా? ప్లానులో కిటికీ మీద ఎండ ఆపే సజ్జ ఉంటుంది. ఖర్చు పెరిగిందంటే మొదట పోయేది అదే. స్లాబు మీద వేడిని ఆపే పొర వేయాలని ఉంటుంది, సిమెంటు పూతతో సరిపెడతారు. పై అంతస్తువాళ్లు రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది. అనుమతి కాగితాల్లో మాత్రం అన్నీ ఉంటాయి.

మేనకోడలు: నియమాలు రాసే గదిలో ఈ మాట చెప్పేవాళ్లే తక్కువ! కట్టడం మధ్యలో తనిఖీ లేకుండా చివరి కాగితం చూస్తే ఏం తెలుస్తుంది?

మామయ్య: సరే, ఎండను తిప్పికొట్టే పైకప్పులు వేయాలని తెలంగాణ తెచ్చిన 2023 కూల్ రూఫ్ విధానం సంగతి? ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన స్థలం ఉన్నవాళ్లకే తప్పనిసరి. ఎండకు మగ్గేది రేకుల ఇంట్లో ఉన్నవాళ్లు కదా?

మేనకోడలు: నిజమే. వాళ్ల మీద నిబంధన పెడితే లాభం లేదు, తెల్ల పూతకు డబ్బివ్వాలి. బడ్జెట్‌లో ఆ పద్దు కోసం కొట్లాడటం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

మామయ్య: జీతం?

మేనకోడలు: మొదట్లో తక్కువే. చాలావరకు ప్రాజెక్టు నిధులున్నంతకాలమే కొలువు. అది దాచను.

మామయ్య: అద్దం తగ్గించమంటే ఏ యజమాని వింటాడమ్మా? నేను చెబితేనే వినలేదు.

మేనకోడలు: మీరు చెబితే అది సలహా. అనుమతి ఆగితే ఆయనే వచ్చి ఎంత తగ్గించాలో అడుగుతాడు.