సర్వే పదేళ్లు, పోస్ట్‌డాక్ మూడేళ్లు

సూపర్‌నోవాల (నక్షత్రాల పేలుళ్ల) మీద పనిచేయడానికి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్ల ఒప్పందం మీద పనిచేసే పరిశోధకుడు) కావాలంటూ వచ్చే ప్రకటనలు ఈ మధ్య దాదాపు ఒకే మూసలో ఉంటున్నాయి. పెద్ద ఆకాశ సర్వేల డేటాతో అనుభవం ఉండాలి, మెషిన్ లెర్నింగ్ వస్తే మరీ మంచిది, వర్ణపటాలు (రంగులుగా విడదీసిన వెలుగు) చదవడం తెలియాలి, పెద్ద బృందంలో ఇమిడిపోవాలి. చివర్లో ఓ చిన్న వాక్యం: ఒప్పందం రెండేళ్లు, పనితీరును బట్టి మరో ఏడాది. నా పేచీ ఆ వాక్యంతోనే.

చిలీలోని సెర్రో పచోన్ కొండ మీది వేరా రూబిన్ అబ్జర్వేటరీనే తీసుకుందాం. 8.4 మీటర్ల అద్దం, 3,200 మెగాపిక్సెళ్ల కెమెరా. 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదలయ్యాయి. దక్షిణాకాశాన్ని పదేళ్ల పాటు మళ్లీ మళ్లీ ఫొటో తీయడం దాని పని. సర్వేతో పాటే చేరిన పోస్ట్‌డాక్ మూడేళ్లూ పూర్తిచేసి వెళ్లిపోయేనాటికి అందులో మూడో వంతు కూడా అయిపోదు.

డేటా పెరిగి, కంప్యూటర్లు తెలివిమీరితే మనుషుల అవసరం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ అలా జరగలేదు. టెలిస్కోప్ కొత్తగా తీసిన ఫొటోలోంచి అదే చోటి పాత ఫొటోను తీసేస్తారు. మిగిలిన చుక్క సూపర్‌నోవానేనా అన్నది ప్రశ్న. అది దారినపోయే గ్రహశకలం కావచ్చు, వెలుగు హెచ్చుతగ్గులయ్యే మామూలు నక్షత్రం కావచ్చు, దూరపు గెలాక్సీ నడిమధ్యన బ్లాక్‌హోల్ చేస్తున్న అల్లరి కావచ్చు. రెండు ఫొటోలు సరిగ్గా అతకక మిగిలిన మరకైనా కావచ్చు. రూబిన్ పూర్తి వేగం అందుకుంటే ఇలాంటి చుక్కల గురించిన అలర్ట్‌లు రాత్రికి కోటి దాకా ఉండొచ్చని అంచనా. ఫింక్, లసైర్ లాంటి బ్రోకర్ వ్యవస్థలు వాటిని వడపోస్తాయి. అంతా వడపోశాక కూడా, ఈ రాత్రి వర్ణపటం తీయడానికి వేరే టెలిస్కోప్‌ను దేనివైపు తిప్పాలో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ ఒకరు సాధారణంగా పోస్ట్‌డాకే.

తొందర ఎందుకంటే, కొన్ని ఆనవాళ్లు ఆగవు. 2023 మే 19న ఎం101 గెలాక్సీలో ఎస్ఎన్ 2023ఐఎక్స్ఎఫ్ అనే సూపర్‌నోవాను జపాన్‌కు చెందిన ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు కోయిచి ఇటగాకి పట్టుకున్నారు. (కోట్ల ఖరీదు చేసే సర్వేలకు ఇలాంటి పోటీ ఇంకా ఉండటం నాకు సరదాగానే ఉంటుంది.) పెద్ద బృందాలు వెంటనే అటు తిరిగాయి. చావుకు ముందు ఆ నక్షత్రం వదిలిన వాయువు, పేలుడు వెలుగు తగిలి మెరిసింది. వర్ణపటంలో ఆ గీతలు కొద్ది రోజుల్లో మాయమయ్యాయి. ఆలస్యం చేసి ఉంటే ఆ నక్షత్రం ఆఖరి రోజుల సంగతి మనకు తెలిసేది కాదు.

అది దగ్గరిది కాబట్టి అంత వైభోగం. రూబిన్ చూడబోయే సూపర్‌నోవాల్లో ఎక్కువ భాగం వర్ణపటం తీయలేనంత మసకగా ఉంటాయి. వెలుగు ఎలా పెరిగి ఎలా తగ్గిందో చూసి రకాన్ని ఊహించాలి. ఆ ఊహ నేర్చుకునే ప్రోగ్రామ్‌కు పాఠాలేమో వర్ణపటాలున్న దగ్గరి, కాంతిమంతమైన సూపర్‌నోవాలు. దూరపువీ అచ్చం అలాగే ఉంటాయన్న హామీ లేదు. ఎక్కడ మోసపోతున్నామో వెతకడమే ఈ ఉద్యోగంలో అసలు సైన్స్ అని నేననుకుంటాను.

ఇంకా నెమ్మదైన పని మరొకటుంది: కొలతలు సరిచేయడం. 1998లో రెండు బృందాలు కొన్ని పదుల టైప్ 1ఎ సూపర్‌నోవాలతోనే (అసలు వెలుగు ఇంచుమించు ఒకేలా ఉండి, దూరాలు కొలవడానికి పనికొచ్చే రకం) విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని చెప్పాయి, 2011లో నోబెల్ వచ్చింది. అలా వేగం పెంచేదానికి పెట్టిన పేరే డార్క్ ఎనర్జీ. 2024 నాటికి డార్క్ ఎనర్జీ సర్వే ఒక్కటే దాదాపు 1,500 సూపర్‌నోవాలతో ముందుకొచ్చింది. మరుసటి ఏడాది మార్చిలో, గెలాక్సీల పటం గీసే డెసి బృందం, డార్క్ ఎనర్జీ కాలంతో మారుతోందేమో అన్న సంకేతాలను బయటపెట్టింది. తమ గెలాక్సీల కొలతలను, విశ్వం తొలినాటి వెలుగు కొలతలను మూడు వేర్వేరు సూపర్‌నోవా జాబితాలతో కలిపి చూస్తే ఆ సంకేతం బలం 2.8, 3.8, 4.2 సిగ్మాలుగా (అంకె పెరిగేకొద్దీ అది కాకతాళీయమయ్యే అవకాశం తగ్గుతుంది) వచ్చింది. గెలాక్సీలు అవే, మారింది సూపర్‌నోవా జాబితా. దగ్గరి సూపర్‌నోవాలను ఏవేవో టెలిస్కోపులు ఏళ్ల తరబడి కొలిచాయి, దూరపువాటిని మరొకటి కొలిచింది. ఆ రెంటి మధ్య వెలుగు కొలతలో ఒకటి రెండు శాతం తేడా వచ్చినా లెక్క కదులుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఫిల్టర్లు, డిటెక్టర్లు, పాత లాగ్‌బుక్కులు తిరగేయాలి. పేపర్ల మీద పేపర్లు పుట్టించే పని కాదది.

మరి పోస్ట్‌డాక్‌ను తర్వాతి ఉద్యోగానికి తూచేది పేపర్లతోనే. చాలా చోట్ల దరఖాస్తుల గడువులు ఏడాది చివర్లో, చేరేది మరుసటి సెప్టెంబరు ప్రాంతంలో. అంటే రెండేళ్ల ఒప్పందం ఉన్నవాళ్లు చేరిన ఏడాదికే మళ్లీ సిఫారసు లేఖల టెన్షన్‌లో పడతారు. వచ్చే ఉద్యోగం ఏ దేశంలోనో, జీవిత భాగస్వామికి అక్కడ పని దొరుకుతుందో లేదో తెలియదు. ఈ స్థితిలో ఎవరైనా కొలతలు సరిచేసే కోడ్ వదిలి, త్వరగా అచ్చయ్యే ఒక వింత సూపర్‌నోవా వెంట పడితే తప్పు పట్టలేం.

చిన్న ఒప్పందాల వల్ల కొత్త ఆలోచనలు వస్తాయని, ప్రొఫెసర్లకొచ్చే గ్రాంట్లే మూడేళ్లవని అంటారు. రెండోది నిజమే. కానీ అద్దానికి, కెమెరాకు దశాబ్దాల ముందుచూపుతో నిధులు కూడగట్టిన సంస్థలకు, ఆ డేటాను నమ్మదగ్గదిగా చేసేవారికి ఐదేళ్ల జీతం చూపడం అసాధ్యమంటే నమ్మడం కష్టం. కనీసం ప్రకటనలోనైనా సర్వే చాకిరీకి ఎంత సమయం, సొంత పరిశోధనకు ఎంత అన్నది స్పష్టంగా రాయొచ్చు. అది రాయకపోతే దరఖాస్తుదారే ఇంటర్వ్యూలో అడగాలి. ఆ పోస్టులో ఇంతకుముందున్నవారు ఇప్పుడెక్కడున్నారో, వాళ్లు రాసిన కోడ్‌ను ఇప్పుడెవరు చూసుకుంటున్నారో కూడా పనిలో పనిగా అడిగితే మంచిది.