ఆ వెయ్యి రూపాయలు దేనికి?

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీదా, వాటి విడిభాగాల మీదా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కలపకముందు 15,000 రూపాయలున్న బండి మీద ఇది 1,050 రూపాయల తేడా. శ్రీకాకుళంలో కొత్త సైకిల్ కొనబోయేవారికి ఆ మిగులుతో ఇంకో రకం గేర్లో, డిస్కు బ్రేకో ఉన్న మోడలుకు ఎగబాకాలనిపించడం సహజం. అలా ఎగబాకవద్దని, ఆ వెయ్యిని గాలి పంపుకూ, తాళానికీ, దీపాలకూ, ఒక సీసా చైను నూనెకూ దాచుకోవాలని మేం చెబుతున్నాం. కారణం చెప్పాలి గనుక కాస్త వివరంగానే చెబుతాం.

అపార్టుమెంట్ల మెట్ల కింద దుమ్ముకొట్టుకున్న సైకిళ్లు కనిపిస్తాయి. టైర్లలో గాలి ఉండదు, చైను ఎర్రబడి ఉంటుంది. కొన్న నెల రోజులకే మోజు తీరిపోయిందని, బద్ధకమని ఇంట్లోవాళ్లు అంటారు, కొన్నవాళ్లూ ఒప్పుకుంటారు. మేం ఒప్పుకోం. మోకాళ్లు నొప్పి పుడుతుంటే, ప్రతి తొక్కుడుకూ బండి వెనక్కి లాగుతున్నట్టుంటే, ఎంత శ్రద్ధ ఉన్నవారైనా మానేస్తారు. ఆ రెండు బాధలకూ చాలాసార్లు మూలం సీటు ఎత్తులోనూ టైరు గాలిలోనూ ఉంటుంది. రెండింటినీ సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

మన ఊళ్లో ఎక్కువమంది సీటును బాగా కిందికి దించుకుంటారు. ఆటోల మధ్య ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు నిండుగా ఆనాలన్న భయమే ఇందుకు కారణం. అలా కూర్చుని తొక్కితే మోకాలు ప్రతి చుట్టులోనూ అవసరానికి మించి వంగుతుంది, మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి మొదలవుతుంది. సీటు మరీ ఎత్తయితే తుంటి అటూఇటూ ఊగుతుంది, నొప్పి మోకాలి వెనక వస్తుంది. నొప్పి ఎక్కడుందో చూస్తే సీటు ఎటు జరపాలో తెలిసిపోతుంది.

కొలత తీసుకోవడం సులువు. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడాలి. గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య ఉంచి, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడి తగిలేదాకా పైకి లాగి, పుస్తకం పై అంచు నుంచి నేల దాకా టేపు పట్టాలి. వచ్చిన అంకెను 0.883తో గుణిస్తే, పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. కాలు కొలత 78 సెంటీమీటర్లయితే సీటు సుమారు 69 దగ్గర ఉండాలి. టేపు లేకపోతే మడమను పెడలు మీద పెట్టి పూర్తిగా కిందికి తొక్కి చూడండి, కాలు నిటారుగా సాగాలి. తర్వాత పాదం ముందు భాగాన్ని పెడలు మీదికి తెస్తే మోకాలు కొద్దిగా వంగుతుంది. అదే సరైన ఎత్తు. ఆగినప్పుడు సీటు దిగి నిలబడటం రెండు రోజుల్లో అలవాటవుతుంది. సీటు కడ్డీ మీద హద్దు గీత ఉంటుంది, అది ఫ్రేములోపలే ఉండాలి. గీత బయటికి వచ్చేంత ఎత్తితే తప్ప కుదరడం లేదంటే ఆ ఫ్రేము మీకు చిన్నదన్నమాట.

దుకాణానికి వెళ్లినప్పుడు రంగు చూడటానికి ముందు పైకడ్డీకి అటో కాలూ ఇటో కాలూ వేసి నిలబడండి. మామూలు రోడ్డు సైకిలైతే కడ్డీకీ మీకూ మధ్య ఒక అంగుళం, లావు టైర్ల కొండదారి రకమైతే రెండు అంగుళాలు ఖాళీ ఉండాలి. మీ ఎత్తుకు తగిన సైజు లేదని, తెప్పించి ఇస్తానని చెప్పే దుకాణదారుడు నమ్మదగినవాడు. ఉన్న సైజునే సీటు దించి అంటగట్టే చోట ఎంత తగ్గింపు ఇచ్చినా నష్టమే.

సైకిళ్లు కంపెనీ నుంచి అట్టపెట్టెలో సగం విప్పి వస్తాయి. హ్యాండిల్, ముందు చక్రం, సీటు, పెడళ్లు దుకాణంలోనే బిగిస్తారు. అసలు తప్పులన్నీ ఇక్కడే. ఎడమ పెడలుకు మరలు ఎదురు తిరుగుడు, అంటే అది అపసవ్యంగా తిప్పితే బిగుస్తుంది. పెడళ్ల మీద ఎల్, ఆర్ అక్షరాలు ఉండేది అందుకే. తొందరలో అడ్డంగా ఎక్కిస్తే, పెడలును ఇరుసుకు కలిపే అల్యూమినియం చేయి, అంటే క్రాంకు, మర కొట్టుకుపోతుంది, క్రాంకే మార్చాలి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట కడ్డీల ఫోర్కును వెనక్కి తిప్పి బిగించిన కొత్త సైకిళ్లూ రోడ్డు మీద కనిపిస్తాయి. ఫోర్కు కొనల వంపు ఎప్పుడూ ముందుకే చూడాలి. తిరగబడితే హ్యాండిల్ తత్తరపడుతుంది, మలుపులో కాలివేళ్లు చక్రానికి తగులుతాయి. డబ్బు కట్టేముందు ముందు చక్రాన్ని ఎత్తి తిప్పండి, బ్రేకు కట్టల మధ్య రిమ్ము అటూఇటూ తూలుతుంటే బెండు తీసి ఇమ్మని అడగండి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ కింద టకటకమంటే అక్కడ బేరింగులు వదులుగా ఉన్నట్టు.

బెండు తీయడం యంత్రం చేసే పని కాదు. ఏ చువ్వను పావు చుట్టు బిగించాలో, ఎదుటిదాన్ని ఎంత వదలాలో చేతికి తెలియాలి. ఆ చేయి ఉన్న పాత మెకానిక్కులు గాలి పంపూ నీళ్ల తొట్టీ పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటారు. అద్దాల షోరూములో కొన్నా, తొలి 100, 150 కిలోమీటర్ల తర్వాత బండిని అలాంటి చేతికి చూపించాలి. అప్పటికి బ్రేకు తీగలు సాగుతాయి, చువ్వలు సర్దుకుంటాయి, క్రాంకు నట్లు వదులవుతాయి. వదులు క్రాంకుతో వారం తొక్కితే దాని చతురస్రపు రంధ్రం గుండ్రంగా అరిగిపోతుంది, మళ్లీ ఎంత బిగించినా నిలవదు. గేర్ల సైకిల్ కొనేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. వెనక గేరును మోసే చిన్న అల్యూమినియం ముక్కను హ్యాంగర్ అంటారు. బండి కుడివైపు పడితే ముందుగా వంగేది అదే. ఫ్రేముకో ఆకారంలో ఉంటుంది గనుక తర్వాత వెతికితే దొరకదు, బండితోపాటే ఒకటి అదనంగా కొనిపెట్టుకోవాలి.

ఇంతకీ మనకు గేర్లు ఎందుకు? నాగావళి వంతెన ఎక్కుడు తప్ప ఊరంతా చదునే. ఏడు రోడ్ల కూడలి నుంచి అరసవల్లి దాకా తొక్కడానికి 21 గేర్లు అక్కర్లేదు, చైను కవరూ మడ్‌గార్డులూ క్యారేజీ ఉన్న ఒంటి గేరు సైకిల్ చాలు. గేర్లు పనికొచ్చేది గాలికి. పగలు ఎండ ముదిరాక గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. మధ్యాహ్నం సముద్రతీరాన ఉన్న కళింగపట్నం బయల్దేరితే దారి పొడుగునా ఎదురుగాలే. తెల్లవారుజామున వెళ్లి, ఎండెక్కాక ఆ గాలిని వీపున వేసుకుని తిరిగి రావడం తెలివైన పని.

టైరులో ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. లావు టైరుకు తారురోడ్డు మీద 40 పీఎస్ఐ, 35 మిల్లీమీటర్ల సన్న టైరుకు 60 నుంచి 70 సరిపోతాయి. పంచరు లేకపోయినా రబ్బరు ట్యూబు నుంచి గాలి మెల్లగా జారిపోతుంది, అందుకే వారానికోసారి కొట్టాలి. పెట్రోలు బంకులో కొట్టిస్తే కొద్దికొద్దిగా వదలమనాలి, సైకిల్ ట్యూబు క్షణంలో నిండి పగులుతుంది. ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడితే అది ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము కొరికింది. ఒకటే చిల్లయితే తుమ్మముల్లు ఇంకా టైరులోనే ఉండవచ్చు. లోపలంతా వేలితో తడిమి తీయకుండా అతుకు వేస్తే సాయంత్రానికి మళ్లీ పంచరే. సొల్యూషన్ పూసిన వెంటనే అతుకు అంటించకూడదు, మెరుపు పోయి పొడిబారేదాకా ఆగాలి.

ఉప్పుగాలి మన జిల్లాకు తప్పనిది. చైనుకు కొబ్బరినూనె, ఇంజనులోంచి తీసిన నల్లనూనె పోయవద్దు. మొదటిది జిగురవుతుంది, రెండోది ఇనుప రజను మోసుకొస్తుంది. ప్రతి లింకుకూ ఒక్క చుక్క సైకిల్ చైను నూనె వేసి, పెడలు వెనక్కి తిప్పి, పైపైన మిగిలినదంతా గుడ్డతో తుడిచేయాలి. తుడవడం మానేస్తే ఆ తడికి ఇసుక అంటుకుని పళ్లను అరగదీస్తుంది. 12 అంగుళాల ఉక్కు స్కేలు పెడితే కొత్త చైనులో సరిగ్గా 12 జతల లింకులు పడతాయి. అది ఒక అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగేదాకా ఊరుకుంటే వెనక పళ్ల చక్రమూ మార్చాల్సి వస్తుంది. సముద్రపొడ్డున తడి ఇసుకలోకి దించితే ఇంటికొచ్చాక బకెట్టు మంచినీళ్లతో కడగండి. కార్లు కడిగే నీటి గన్ను కొట్టిస్తే చక్రాల నడుమ ఉండే హబ్బుల్లోని గ్రీజు బయటికొచ్చేసి, నీరు లోపల నిలుస్తుంది.

ఇక దుస్తులు. సైకిల్ మీద అందంగా కనిపించాలన్న కోరికను మేం మనసారా సమర్థిస్తాం. సైకిల్ తొక్కేవాణ్ని మోటారుబండి కొనలేనివాడిగా చూసే చూపు మన వీధుల్లో ఇంకా ఉంది, చక్కగా ముస్తాబై తొక్కేవారు పెరిగితే అది తగ్గుతుంది. అయితే ముస్తాబు మన ఉక్కకు తగ్గట్టుండాలి. ఊళ్లో ఐదారు కిలోమీటర్ల తిరుగుడుకు పొందూరు ఖద్దరు చొక్కాను మించింది మాకు కనిపించలేదు. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, సన్నగా వడికి నేసే ఆ బట్టలోంచి గాలి ఆడుతుంది. ముప్ఫై నలభై కిలోమీటర్లు పోయేవారికి మాత్రం అది వద్దు. నూలు తాగిన చెమట వదలదు, వీపుకు అతుక్కుని ఒరుస్తుంది. అక్కడ పల్చటి పాలిస్టర్ జెర్సీ నయం. మెత్త కుట్టిన నిక్కరు లోపల మరో లోదుస్తు వేయకూడదు, కుట్లు ఒరిసి పుండ్లు పడతాయి. తొక్కిన ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరేయాలి. ప్యాంటు కుడికాలి అంచుకు ఒక క్లిప్పు పెడితే చైను మరక పడదు. చున్నీని నడుముకు కట్టి ముడివేయాలి, వెనక చక్రంలో పడిందంటే మెడకే ముప్పు. చీర, లంగా ఓణీ కట్టేవారు వెనక చక్రానికి వల, నిండు చైను కవరు ఉన్న బండే అడగాలి.

చిలకపచ్చ ఫ్లోరసెంట్ జాకెట్టు పగలే మెరుస్తుంది, ఎందుకంటే ఆ మెరుపు సూర్యుడి అతినీలలోహిత కిరణాలది. వీధిదీపం కింద అది మామూలు గుడ్డ. రాత్రికి వెలుగును తిరిగి కొట్టే వెండిరంగు పట్టీ కావాలి, అదీ చీలమండలకు. పైకీ కిందికీ ఆడే రెండు మెరుపులను చూడగానే లారీ డ్రైవరు అది మనిషి కాలని గుర్తుపడతాడు. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం తప్పనిసరి. హెల్మెట్ అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, గడ్డం పట్టీ కింద ఒక వేలు పట్టాలి. ఒకసారి దెబ్బ తిన్నదాన్ని చీలిక కనిపించకపోయినా పారేయాలి.

ఇవన్నీ కొనేవారు చేసుకోగలిగినవి. నగరపాలక సంస్థ చేయాల్సినవి రెండున్నాయి. ఆర్టీసీ కాంప్లెక్సు, రైతుబజారు, అరసవల్లి గుడి దగ్గర సైకిల్ నిలిపే చోటు కావాలి. చక్రం దూర్చే పాతరకం చట్రాలు వద్దు, అవి రిమ్మును వంచుతాయి, తాళం చక్రానికే పడుతుంది. నేలలో పాతిన గుర్రపునాడా ఆకారపు ఇనుప గొట్టం, 80 సెంటీమీటర్ల ఎత్తు, ఒకదానికొకటి మీటరు ఎడం ఉంటే ఒక్కోదానికి రెండు బళ్లను ఫ్రేముతో సహా కట్టేయవచ్చు. రెండోది రోడ్డు మీది కాలువ జాలీలు. వాటి కమ్మీలు దారి వెంట నిలువుగా ఉన్నచోట సన్న టైరు సందులో దిగి మనిషి ముందుకు ఎగిరిపడతాడు. అలాంటివి ఎక్కడెక్కడున్నాయో వార్డుల వారీగా చూసి, కమ్మీలు దారికి అడ్డంగా వచ్చేలా వానలకు ముందే తిప్పి బిగించాలి. నీళ్లు నిలిచాక జాలీ ఎటు ఉందో తొక్కేవారికి కనపడదు.