91వ రోజు ఆకలి

ఉద్యోగం పోయినవారికి ఇచ్చే భృతి గడువు పొడిగించాలని కొందరు దయామయులు మళ్ళీ అడుగుతున్నారు. ఆ భృతి ఇచ్చే నిధి మీద కించిత్తు జాలి లేని ఈ కోరికను, ఒడిశాలోని రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగువారమైన మనమైనా గట్టిగా ఖండించవలసి ఉంది.

ముందు ఖర్చు చూద్దాం. 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద ఈ.ఎస్.ఐ. (ఉద్యోగుల రాజ్య బీమా) చందాదారుకు అందేది సగటు దినవేతనంలో తొలుత నాలుగో వంతు, 2020 నుంచి సగం. అదీ జీవితకాలం మొత్తానికి 90 రోజులకు మించకుండా. నెలకు 21,000 రూపాయల వేతన పరిమితి అంచున ఉన్నవాడికైనా లెక్క 31,500 దగ్గర ఆగిపోతుంది. గడువు రెట్టింపు చేస్తే మనిషికి మరో 31,500 కావాలి. అంత సొమ్ము కళ్ళజూశాక ఎవడైనా పని వెతుక్కుంటాడా? (ఆ నిధిలోకి కార్మికుడి జీతం నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం వచ్చి చేరుతుందనే అల్పవిషయాన్ని ఇక్కడ ఎత్తడం మర్యాద కాదు.)

కర్మాగారం మూతపడితే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద 24 నెలల దాకా భృతి ఉంది కదా అని గిట్టనివారు గుర్తుచేస్తారు. ఉంది. కానీ మా వైపు కాంట్రాక్టు కూలీకి "రేపట్నించి రావద్దు" అన్న మాట తప్ప కాగితమేదీ చేతికి రాదు కనుక, ఆ దారిన నిధికి వచ్చే ముప్పు స్వల్పమే.

ఇక 91వ రోజు నుంచి ఆ ఖర్చంతా మా వీధి చివరి కిరాణా కొట్టుకు బదిలీ అవుతుంది. అక్కడి ఎర్ర అట్ట పద్దుపుస్తకంలో పని పోయిన ఒక ఇంటి పేజీ చూశాను: కందిపప్పు అరకిలో అని రాసి, కొట్టేసి, పావుకిలో అని దిద్ది ఉంది, ఆ కింది వరుసల్లో పప్పే లేదు, బియ్యం, ఉప్పు, ఉల్లిపాయలు మాత్రమే. ఏ అంచనాలోనూ చేరని ఈ పొడిగింపును దరఖాస్తు, ఆధార్ నకలు అడగకుండా మంజూరు చేస్తున్న ఆ దుకాణదారుగారిని కార్మిక శాఖ ఉపకార్యాలయంగా గుర్తించాలని నా మనవి. అయితే ఆయనకూ ఈ మధ్య ఆర్థిక క్రమశిక్షణ అబ్బినట్టుంది. "పాత బాకీ తీరిస్తేనే కొత్త సరుకు" అని తెలుగులోనూ ఒడియాలోనూ రాయించిన అట్టముక్కను మొన్ననే త్రాసు పక్కన వేలాడదీశారు.