సవరణ: బ్లూ మూన్ అంటే ‘ఎన్నటికీ’ కాదు

మొన్న ఇంగ్లీషు జాతీయాల గురించి రాస్తూ ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే ఎన్నటికీ జరగనిది అన్నాను. తప్పు. చాలా అరుదుగా అని దానర్థం, మన ‘నూటికో కోటికో’ లాంటిది. ‘వాడు ఫోన్ చేసేది వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే చేస్తాడు, కాకపోతే ఎప్పుడో ఒకసారి. జరగనే జరగదు అనడానికి ‘వెన్ పిగ్స్ ఫ్లై’ ఉంది. రెండూ కలిపేశాను.

బ్లూ మూన్ రోజు చంద్రుడు నీలంగా ఉంటాడని రాసిందీ సరికాదు. ఒకే ఇంగ్లీషు నెలలో వచ్చే రెండో పౌర్ణమిని బ్లూ మూన్ అంటారు. 2023 ఆగస్టులో వచ్చింది. తమాషా ఏమిటంటే, ఈ నిర్వచనం కూడా 1946లో ఒక అమెరికన్ ఖగోళ పత్రిక పొరపాటున వేసిందే (నాకు తోడు దొరికింది). జాతీయం మాత్రం అంతకంటే పాతది.