‘రోంత’కు ఒక కొలత కావాలి

1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చాక శేర్లు, వీసెలు, మణుగులు ఒక్కొక్కటిగా అంగళ్ళ నుంచి తప్పుకున్నాయి. 2009లో వచ్చిన లీగల్ మెట్రాలజీ చట్టం మిగిలిన అనుమానాలను కూడా తీర్చింది. ఈ రెండు చట్టాల కన్నుగప్పి మా అనంతపురంలో నేటికీ నిక్షేపంగా చలామణి అవుతున్న కొలమానం ఒక్కటే ఉంది. దాని పేరు ‘రోంత’. కోస్తావారు కొంచెమని, తెలంగాణవారు జరంత అని అనుకునేది ఇదేనని భాషావేత్తలు చెప్పవచ్చు గాని, వారెవరూ నాలా డిజైను పని చేసి పొట్టపోసుకున్నవారు కారు. అడిగేవాడి నోట్లో ఆవగింజంత ఉండి, చేసేవాడి బల్ల మీదికి వచ్చేసరికి గుమ్మడికాయంత అయ్యే పదార్థాన్ని కొంచెమని అనువదించడం శాస్త్రసమ్మతం కాదు.

ఉదాహరణకు, టవర్ క్లాక్ దగ్గర వేరుశనగ చిక్కీలు అమ్మే ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, ‘‘చిన్న లోగో అప్పా, ఒక్క గంట పని’’ అన్నారు. మూడు వేలకు మాట అయింది. గీయవలసింది ఒక్క శనక్కాయ, దాని కింద అంగడి పేరు. మొదటి చిత్రం చూసి కాయ రోంత లావుగా ఉండాలన్నారు. లావు చేస్తే నడుము దగ్గర రోంత సన్నగా ఉంటే చూడముచ్చటగా ఉంటుందన్నారు. సన్నం చేశాక వారి బావమరిది వచ్చి, ఇది జీడిపప్పులా ఉందని తేల్చారు. చివరికి పచ్చికాయ ఒకటి జేబులోంచి తీసి, నా కీబోర్డు పక్కన పెట్టి, ‘‘ఇట్లా ఉండాల’’ అని చెప్పి వెళ్ళారు. ఆ కాయ ఎండి గలగలమనే వరకూ నేను దాన్ని చూస్తూ గీస్తూనే ఉన్నాను.

అక్కడితో ఆగితే అది రోంత ఎందుకవుతుంది? లోగో ఉన్నప్పుడు ప్యాకెట్టు లేబులు ఉండాలి కదా, లేబులు ఉన్నప్పుడు బోర్డు ఉండాలి కదా, బోర్డు ఉన్నప్పుడు వాట్సాప్‌లో తిప్పడానికి ఒక వీడియో ఉండాలి కదా. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిందంటే, అదీ ఇలా ఒక్కొక్క ఊడా దించుకుంటూనే. ఇందులో లేబులు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చిక్కీ ప్యాకెట్టు మీద నికర బరువు, గరిష్ఠ ధర, తయారైన నెల, తయారీదారు చిరునామా, ఆహార భద్రత లైసెన్సుకు చెందిన పద్నాలుగు అంకెలు తప్పక ఉండాలని నిబంధన. ఆ అంకెలను ఆయన బస్సులో ప్రయాణిస్తూ ఫోనులో చదివారు. పోషక విలువల పట్టికను మాత్రం ‘‘నువ్వే ఏదో ఒకటి రాయప్పా’’ అని నా విజ్ఞతకు వదిలేశారు. రెండు వందల గ్రాముల చిక్కీకి ఇన్ని వివరాలు అడిగిన ప్రభుత్వం, అదే ప్యాకెట్టును డిజైను చేసినవాడి శ్రమకు నికర పరిమాణం ఎంతో ఎక్కడా అచ్చు వేయించకపోవడం విచిత్రం. ఫ్లెక్సు అంగడిలో సైతం గుడ్డను చదరపు అడుగుల లెక్కన కొలుస్తారు. దాని మీద ఉన్న బొమ్మ మాత్రం గాలి వంటిది, కొలతకు లొంగదు.

బెంగళూరులో పని నేర్చుకొని వచ్చిన కుర్రవాళ్ళు దీనికి విరుగుడు కనిపెట్టామంటారు. ఎన్ని నమూనాలు ఇస్తాం, ఎన్నిసార్లు దిద్దుతాం, మీరు ఏ వివరాలు ఏ తేదీకి ఇవ్వాలి, ఏవి ఈ ధరలో రావు, అదనపు పనికి ఎంత అని కాగితం మీద రాసి, ముందే సంతకం తీసుకోవాలట. అర్థం నిశ్చయంగా తెలియని, తెలుసుకునే వీలూ లేని ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 29వ సెక్షను ఉందట. కాపీరైటు హక్కును బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా ఉండాలని, గడువు రాయకపోతే అయిదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని 1957 నాటి చట్టం చెబుతోందట. మా చిక్కీ పెద్దమనిషి మాత్రం ‘‘ఓపెన్ ఫైలు పెన్‌డ్రైవులో వేసియ్యప్పా’’ అని, అంటే ఎవరైనా మార్చుకోగల అసలు ఫైలే ఇచ్చెయ్యమని అడిగారు. చట్టం పుట్టకముందు నుంచే ఆ హక్కు తన వాడుకలో ఉన్నంత ధీమాగా అడిగారు.

కుర్రవాళ్ళ మాట నాకు మొదట అనాగరికంగా తోచింది. ఇంటికి వచ్చినవాడికి రెండు వడ్డనలు దాటితే అన్నానికి వేరే లెక్క అని ఎవరైనా చెబుతారా? కాని ఇటీవల లేపాక్షి వెళ్ళి, సగంలో ఆగిపోయిన కళ్యాణ మండపం స్తంభాల మధ్య నిలబడ్డాక నా అభిప్రాయం కదిలింది. అచ్యుతదేవరాయల కాలంలో కోశాధికారి విరూపణ్ణ, అనుమతి లేకుండా ఖజానా ధనాన్ని గుడికి ఖర్చు చేశాడన్న నింద మోసి, తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడని స్థలపురాణం. ఆ ఎర్రటి మరకలను నేటికీ చూపిస్తారు. చరిత్రకారులు ఏమన్నా అననీ, నాకు మాత్రం ఎవరో పెద్దవారు గుడి పని చూడవచ్చి, ‘‘ఆ పక్కన రోంత ఒక కళ్యాణ మండపం కూడా వేయప్పా, రాయలవారికి నేను చెబుతాలే’’ అని నోటిమాటగా అని వెళ్ళిపోయి ఉంటారని బలమైన అనుమానం.

అందుచేత నేనూ ఒక కాగితం తయారు చేసి, పనుల జాబితాతో, దిద్దుబాట్ల సంఖ్యతో చిక్కీ అంగడికి పట్టుకెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకొని, ఆసాంతం చదివి, ఎంతో మెచ్చుకున్నారు. ‘‘శానా బాగుందప్పా. అక్షరాలు రోంత పెద్దవి చేసి, పైన మన శనక్కాయ బొమ్మ వేసి, రంగుల్లో తీసుకురా, అప్పుడు సంతకం పెడతా’’ అన్నారు. ప్రస్తుతం ఆ కాగితం మూడో ప్రూఫులో ఉంది. బావమరిదికి ఇంకా చూపించలేదు.