మాట అందించే పని

మాటల రచయిత సాయిమాధవ్ బుర్రా ప్రస్తావన రాగానే మనవాళ్లు "రక్తంలో ఉంది మరి" అనేస్తారు. తెనాలిలో అమ్మానాన్నలిద్దరూ రంగస్థలం వాళ్లే. తండ్రి బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రిగారు స్త్రీ పాత్రలకు పేరుపడ్డ నటులు. సురభి నాటకాల వాళ్ల కథతో 2012లో వచ్చిన ‘కృష్ణం వందే జగద్గురుమ్’కి, 2018లో ‘మహానటి’కి, 2022లో ‘ఆర్ఆర్ఆర్’కి మాటలు సాయిమాధవ్ గారివే.

రక్తం సంగతి నాకు నమ్మకం లేదు. నటుల ఇంట్లో పిల్లలకు దొరికేది వేరే ఉంది. సంభాషణను కాగితం మీద చూడకముందే అది చెవిన పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు పోర్షన్ వల్లిస్తుంటే, మరచిన చోట మాట అందించడం ఎవరి పనో చెప్పక్కర్లేదు. ప్రాంప్టింగ్ చేసినవాడికి ఏ వాక్యం మధ్యలో ఊపిరి చాలదో తెలుస్తుంది. మూడు రిహార్సల్స్‌లోనూ నటుడు ఒకే చోట తడబడ్డాడంటే తప్పు రాసినవాడిదే.

ఉదాహరణకు, "ఇల్లు అమ్మేసినప్పటికీ దాని తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది" అని రాశామనుకోండి. చదవడానికి బాగానే ఉంది. పలికితే ‘అప్పటికీ’ దగ్గర గొంతు లేస్తుంది, అక్కణ్ణుంచి చివరిదాకా దిగడమే. పైగా అసలు వస్తువు వాక్యం నడుమ ఇరుక్కుంది. "ఇల్లమ్మేశాం." కాస్త ఆగి, జేబులోంచి తీసి, "ఇదిగో, తాళంచెవి." ఇప్పుడు నటుడి చేతికీ పని దొరికింది. చప్పట్లు పడాల్సిన మాట చివర ఉండాలి, దాని తర్వాత ఇంకో అక్షరం కూడా ఉండకూడదు. ‘కదా’, ‘మరి’, ‘అంతే’ అని తోకలు తగిలిస్తే ఆ చప్పట్లు పోయినట్టే.

చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ చెవి ఇంకో రకంగానూ అవసరం. 1950లో ‘ఆహుతి’కి శ్రీశ్రీ రాసిన దగ్గర్నుంచీ తెలుగులో డబ్బింగ్ రచన ఉంది. తమిళం, తెలుగు రెండూ ఇంట్లోనే వచ్చేసిన మన పిల్లలు ఇది సులువనుకుని దిగుతారు. డబ్బింగ్‌లో మాట తెర మీది పెదాల కదలికకు అతకాలి. ప, బ, మ పలికితే పెదాలు మూసుకోవాలి, దెబ్బతినేది అక్కడే. తమిళ కుర్రాడు క్లోజప్‌లో "అప్పా" అంటాడు, నడుమ పెదాలు కలుస్తాయి. మన "నాన్నా"లో అవి ఎక్కడా కలవవు. పిల్లాడి నోరొకటి, మాటొకటి అయిపోతుంది. కథను చిత్తూరు వైపు నడిపిస్తే "అప్పా" అలాగే ఉంచేయవచ్చు. లేదంటే ఎడిటర్‌ని అడిగి, ఆ క్షణంలో తండ్రి ముఖం ఉన్న షాట్ మీదికి "నాన్నా" జరపాలి. దూరపు షాట్ అయితే ఎవరూ పట్టించుకోరు, అక్కడ అర్థాన్ని పాడుచేసుకుని పెదాల కోసం పాకులాడటం దండగ. అదే తమిళ ‘పాంబు’కు మన ‘పాము’ అయితే బెంగే లేదు, రెండింట్లోనూ పెదాలు ఒకేలా కలుస్తాయి.

మన పిల్లల్లో కొందరు తెలుగు సంభాషణను తమిళ లిపిలో రాసుకుంటారు. తప్పు పట్టను. కానీ ఆ లిపిలో ట, డలకు ఒకటే అక్షరం. ‘కోటి రూపాయలు’ తిరిగి చదివేసరికి ‘కోడి రూపాయలు’ అవుతుంది. పెళ్లిచూపుల సీన్‌లో కట్నం కోళ్లలోకి దిగిందంటే హాస్యం మనం రాసింది కాదు!

అందుకే ఇక్కడి మన తెలుగు సంఘం ఉగాది నాటికకు స్క్రిప్టు పోటీ పెట్టడం కన్నా ఇంకో పని చేస్తే బాగుంటుంది. రాయాలనుకునే కుర్రాళ్లను ముందు ఒక నాటికకు ప్రాంప్టర్లుగా పెట్టాలి. పుస్తకం చేతికిచ్చి, కుడిపక్క సగం పేజీ ఖాళీగా ఉంచి, ఓ పెన్సిల్ ఇవ్వండి. మాట అందించాల్సి వచ్చిన ప్రతిచోటా ఒక గీత. నటుడు మరచిపోతే నిలువు గీత, నాలుక తిరక్కపోతే అడ్డగీత. మరపు నటుడిది కావచ్చు, అడ్డగీత మాత్రం రచయితదే. నాలుగైదు రిహార్సల్స్ అయ్యాక అడ్డగీతలు ఎక్కువున్న పేజీ తీసి, ఆ ఒక్క పేజీ తిరగరాయమనండి.