తిట్లకు కరువు లేని కొలువు

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ రిఫరీ అవుదామనుకునే కుర్రవాడికి సరైన సలహా చెప్పే పెద్దదిక్కు లేదు. డాక్టరు కావాలంటే ఏం చదవాలో వీధిలో ఎవరినడిగినా చెబుతారు. రిఫరీకి మాత్రం కళ్లద్దాలు మార్చుకోమన్న సలహా తప్ప మరోటి దొరకదు. ఆ లోటు తీర్చే బాధ్యత నా నెత్తిన వేసుకుంటున్నాను.

ముందు జీతం సంగతి. జీతం లేదు. మ్యాచ్‌కింత అని ఇస్తారు. చట్టం దృష్టిలో మీరు ఇండిపెండెంట్ కాంట్రాక్టర్. అంటే మోకాలు మీది, మోకాలి ఆపరేషన్ ఖర్చూ మీదే. మనవైపు అడ్డా మీద కూలీలు పొద్దున్నే నిలబడి మేస్త్రీ కోసం చూస్తారే, అలాంటిదే ఇదీ. కాకపోతే ఈ అడ్డా ఫోన్‌లో ఉంటుంది, మేస్త్రీని కోఆర్డినేటర్ అంటారు. పెన్సిల్వేనియాలో స్కూళ్ల లాక్రాస్ (వల కట్టిన కర్రలతో ఆడే బంతాట) రిఫరీలు కొందరు మేమూ ఉద్యోగులమే, యూనియన్ పెట్టుకుంటామని పోరాడితే, 2019లో ఫెడరల్ అప్పీలు కోర్టు కాదు పొమ్మంది. ఆట వేరైనా రిఫరీలు తొడుక్కునే చారల చొక్కా అదే కదా!

పైస్థాయిలో ఉన్న కొద్దిమంది వారానికి నాలుగైదు రాత్రులు ఊరూరా తిరిగి బాగానే సంపాదిస్తారు. మీరు ప్రస్తుతం వాళ్లు కారు.

దీన్ని అన్యాయం అనకండి, ఆదర్శం అనండి. మార్చి నెలలో జరిగే కాలేజీ జాతీయ టోర్నమెంట్ టీవీ హక్కులను ఇంకో ఎనిమిదేళ్లు పొడిగించుకోవడానికి సీబీఎస్, టర్నర్ సంస్థలు 2016లో 880 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాయి. కాన్సాస్ యూనివర్సిటీ కోచ్ బిల్ సెల్ఫ్‌కు 2023లో అయిదేళ్లకు 5.3 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆటగాళ్లు పాపం చదువుకునే పిల్లలు, డబ్బు ముట్టకూడదని కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ దశాబ్దాల పాటు కాపలా కాసింది. 2025లో కోర్టు ఆమోదించిన రాజీతో ఆ కాపలా కూడా ఎత్తేశారు. ఇప్పుడు ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. డబ్బుకు అతీతమైన క్రీడాస్ఫూర్తి అంటూ ఏదైనా మిగిలి ఉంటే అది చారల చొక్కాలోనే ఉంది. కోట్లు గడించేవాళ్ల మధ్య నిలబడి న్యాయం చెప్పే పనిని, మర్నాడు పొద్దున్నే వేరే ఉద్యోగానికి వెళ్లాల్సిన మనిషికి అప్పగించారు. ఇంతకన్నా నిష్పాక్షికత ఎక్కడ దొరుకుతుంది?

ఇక మెట్లు. యూనివర్సిటీలో తోటి విద్యార్థులు సరదాగా ఆడుకునే మ్యాచ్‌లతో మొదలుపెట్టి స్కూళ్లు, జూనియర్ కాలేజీలు, కాలేజీ జట్ల స్థాయిలైన డివిజన్ మూడు, రెండు, ఒకటి అని ఎక్కాలి. ఎక్కించేవాళ్లు వేసవి క్యాంపుల్లో కనిపిస్తారు. ఆ క్యాంపులో పని చేసేది మీరు, ఫీజు కట్టేదీ మీరే. అమీర్‌పేట చూసినవాళ్లకు ఇంతకంటే వివరించక్కర్లేదు. అక్కడ మీ పరుగు, నిలబడే తీరు, ఫౌల్ ఇచ్చేటప్పుడు చెయ్యి లేచిన పద్ధతి అన్నీ చూస్తారు. తీర్పు సరైనదా కాదా అన్నది కూడా చూస్తారు లెండి.

ఇద్దరు ఢీకొంటే తప్పెవరిదో చెప్పే తీర్పు ఎంత సులువో చెబుతాను. బంతితో దూసుకొచ్చేవాడు పైకి ఎగరడానికి ఆఖరి అడుగు నేల మీద ఆనించే సమయానికి, అడ్డుకునేవాడు తన చోట్లో నిలబడి ఉండాలి. లేకపోతే తప్పు అడ్డుకున్నవాడిది. 2023లో పురుషుల ఆటలో వచ్చిన మార్పు ఇది. అంటే ఒకడి పాదం, ఇంకొకడి ఛాతీ ఒకే క్షణంలో చూడాలి. దేవుడు రెండు కళ్లు ఇచ్చింది అందుకే. మూడోది ఇవ్వలేదేమని పదిహేను వేల మంది అడుగుతుంటారు.

ఇదంతా వద్దు, నెలజీతమే కావాలంటే జీ లీగ్ అనే కింది మెట్టు మీదుగా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏ దారి ఉంది. అక్కడ నిజంగానే ఉద్యోగం, కానీ సీట్లు వందలోపే. పైగా హోరాహోరీగా ముగిసిన మ్యాచ్‌లకు చివరి రెండు నిమిషాల్లో మీరు చేసిన తప్పుల్ని మర్నాడు మీ యాజమాన్యమే నెట్‌లో పెడుతుంది. 2015 నుంచీ ఇదే ఆచారం. ఇంక్రిమెంటు టైములో మాత్రమే తప్పులు బయటికి తీసే మన మేనేజర్లు ఎంత దయామయులో ఇప్పుడు అర్థమవుతుంది.

కాలేజీలోనే ఉంటానంటే రెండో వృత్తి తప్పదు. దాన్ని జాగ్రత్తగా ఎంచుకోండి. జాన్ హిగ్గిన్స్ అనే పేరున్న రిఫరీకి ఒమాహాలో ఇళ్ల కప్పులు వేసే వ్యాపారం ఉండేది. 2017లో ఆయన పనిచేసిన మ్యాచ్‌లో కెంటకీ యూనివర్సిటీ జట్టు 75-73తో నార్త్ కరోలినా చేతిలో ఓడింది. అంతే, ఆయన చేత జీవితంలో ఒక్క పెంకు కూడా వేయించుకోనివాళ్లంతా ఆ కంపెనీకి ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చేశారు. బెదిరింపులూ వచ్చాయి. జనాన్ని ఎగదోశారని ఒక రేడియో వాళ్ల మీద దావా వేస్తే, వాళ్లది వాక్స్వాతంత్ర్యమని కోర్టు కొట్టేసింది. మన ఎన్నారై తల్లిదండ్రులు సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్ అని ఎందుకు పట్టుబడతారో నాకు ఇక్కడే తెలిసొచ్చింది. కెంటకీ ఎన్నిసార్లు ఓడినా డేటాబేస్‌కు ఎవరూ రేటింగ్ ఇవ్వరు.

ఇంకా తెలివైన దారి కెనడా రిఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్‌ది. లోపలి గోళీ ఇరుక్కుని విజిల్ మోగకపోవడంతో విసిగిపోయి, గోళీయే లేని విజిల్ చేయించాడు. 1987లో మార్కెట్‌లోకి వచ్చిన ఆ ఫాక్స్ 40 ఇప్పుడు ప్రపంచమంతా మోగుతోంది. ఊదేవాడికి తిట్లు, అమ్మేవాడికి చెక్కులు. పైగా స్టేడియంలో అరుపులు పెరిగేకొద్దీ గట్టి విజిల్‌కే గిరాకీ.